పన్ను నంబరు వచ్చినంత మాత్రాన పని చేసుకునే అనుమతి వచ్చినట్టు కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. విదేశాల్లో ఉంటున్న తెలుగు గృహిణులు ఇంటి నుంచే ఫ్రీలాన్సు పనులు చేసుకుని సంపాదించుకోవడం గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్ని జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో ఉంటూ ఇంటర్నెట్‌లో చదివాను. ఉద్దేశం మంచిదే, రాసిన తీరూ బాగుంది. అయితే జర్మనీ గురించి చెప్పిన భాగంలో, పన్ను శాఖ వెబ్‌సైట్‌లో ఒక ఫారం నింపితే నంబరు వస్తుందనీ, ఆ నంబరు చేతికి వచ్చాక ఎవరైనా నిశ్చింతగా పని మొదలుపెట్టవచ్చుననీ అర్థం వచ్చేలా ఉన్న మాట మాత్రం సరికాదు. ఆ మాటను నమ్మి ముందుకు వెళ్లినవారు ఎక్కడ దెబ్బ తింటారో నాకు తెలుసు కనుక, అందులో ఒక దెబ్బ నేనే తిన్నాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

పన్ను శాఖ నంబరు ఇవ్వడం నిజమే. ఇక్కడ ఫినాంజ్‌అమ్ట్ అని పిలిచే ఆ కార్యాలయం, మీరు దేశంలో ఏ హోదాలో ఉన్నారు, మీకు స్వయం ఉపాధికి అనుమతి ఉందా లేదా అన్న విషయాన్ని తేల్చే కార్యాలయం కాదు. ఆదాయం వస్తుందంటే దానిమీద పన్ను వేయడమే దాని పని. ఆ అనుమతి ఇచ్చేది, నిరాకరించేది ఊరిలోని విదేశీయుల కార్యాలయం. ఈ రెండూ వేర్వేరు గుమ్మాలు, వేర్వేరు చట్టాలు. మొదటి గుమ్మంలోకి వెళ్లి రెండో గుమ్మం దాటేశామని అనుకోవడమే మనవాళ్లు చేస్తున్న అతి పెద్ద పొరపాటు.

జర్మనీలో నివాస అనుమతి ఉన్న ప్రతి విదేశీయుడికీ ఒక ప్లాస్టిక్ కార్డు ఇస్తారు. చాలామందికి దానితో పాటు ఆకుపచ్చ రంగు మడత కాగితం కూడా ఒకటి ఇస్తారు. కార్డును పర్సులో జాగ్రత్తగా పెట్టుకుంటారు గానీ, ఆ పచ్చ కాగితాన్ని బీరువాలో పడేసి మళ్లీ తీసి చూసేవారు తక్కువ. అసలు సంగతంతా కార్డుమీదో, ఆ కాగితంమీదో ఉన్న ఒకే ఒక్క పదంలో ఉంటుంది. అక్కడ ‘ఎర్వెర్బ్స్‌టేటిగ్‌కైట్’ అనుమతించబడింది అని ఉంటే, జీతానికి ఉద్యోగం చేయవచ్చు, సొంతంగా కూడా పని చేసుకోవచ్చు, ఎందుకంటే ఇక్కడి నివాస చట్టం ప్రకారం ఆ పదంలో రెండూ ఇమిడి ఉన్నాయి. ‘బెషెఫ్టిగుంగ్’ అని మాత్రమే ఉంటే, అది ఒక యజమాని దగ్గర చేసే ఉద్యోగానికి మాత్రమే వర్తిస్తుంది, స్వయం ఉపాధికి వర్తించదు. మన భాషలో రెండింటినీ ‘పని’ అనే అనువదిస్తాం, కన్సల్టెన్సీల వాళ్లూ అలాగే చెబుతారు, ఇబ్బంది అంతా అక్కడే మొదలవుతుంది.

ఈ తేడా తెలిస్తే ఒక శుభవార్త కూడా తెలుస్తుంది, మీ వ్యాసంలో అది లేకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. బ్లూ కార్డు మీద, అంటే పెద్ద చదువులు చదివిన విదేశీ నిపుణులకు ఉద్యోగం కోసం ఇచ్చే నివాస అనుమతి మీద వచ్చిన భర్తతోనో, భార్యతోనో కలిసి ఉండటానికి కుటుంబ వీసా మీద వచ్చినవారికి ఇచ్చే నివాస అనుమతిలో సాధారణంగా మొదటి పదమే ఉంటుంది. అంటే ‘డిపెండెంట్’ అని మనం కొంచెం చిన్నచూపుతో పిలిచే ఆ మనిషికి సొంతంగా ఫ్రీలాన్సు చేసుకునే హక్కు మొదటి రోజు నుంచే ఉంటుంది. బ్లూ కార్డు ఉన్న అసలు ఉద్యోగికి మాత్రం ఉండదు! శని, ఆదివారాల్లో వేరే కంపెనీకి సాఫ్ట్‌వేరు రాసిపెట్టాలన్నా ఆయన విదేశీయుల కార్యాలయం నుంచి విడిగా అనుమతి తెచ్చుకోవాలి, ఉద్యోగ ఒప్పందాన్ని బట్టి సొంత యజమానికీ చెప్పాలి. ఇంట్లో ఇద్దరిలో ఎవరి పేరు మీద పని మొదలుపెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, ‘ఉద్యోగం ఉన్నది ఆయనకు కదా, ఆయన పేరు మీదే పెడదాం’ అని అనుకునే కుటుంబాలను నేను ఎన్నో చూశాను. జరగాల్సింది దానికి సరిగ్గా తలకిందులు.

చదువుకోవడానికి వచ్చిన పిల్లల విషయంలో ఇది మరీ ప్రమాదకరం. తెలుగు రాష్ట్రాల నుంచి జర్మన్ విశ్వవిద్యాలయాలకు వస్తున్నవారు ఏటేటా పెరుగుతున్నారు కనుక దీన్ని కాస్త వివరంగా చెప్పడం అవసరం. విద్యార్థి అనుమతి మీద సంవత్సరానికి 140 పూర్తి రోజులు గానీ, 280 సగం రోజులు గానీ పని చేయవచ్చుననే సంగతి వారందరికీ తెలుసు. అయితే ఆ రోజుల లెక్క ఉద్యోగానికి మాత్రమేనని, సొంతంగా బిల్లు రాసి డబ్బు తీసుకునే పనికి ఒక్క రోజు కూడా అందులో లేదని చాలామందికి తెలియదు. హైదరాబాద్‌లోని పాత కంపెనీకి రాత్రుళ్లు వెబ్‌సైట్లు తయారుచేసి ఇచ్చే కుర్రవాడు, అమెరికాలోని మన పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పే అమ్మాయి, ‘డబ్బు ఇచ్చేది జర్మనీ వాళ్లు కాదు కదా, పడేది ఇండియా ఖాతాలో కదా’ అని నమ్ముతున్నారు. పని చేసే మనిషి ఎక్కడ కూర్చుని చేస్తున్నాడన్నది ఇక్కడి చట్టానికి ముఖ్యం గానీ, డబ్బు ఏ దేశం నుంచి బయలుదేరి ఏ ఖాతాలో పడిందన్నది కాదు. పైగా భారత్, జర్మనీ రెండూ బ్యాంకు ఖాతాల సమాచారాన్ని ఒకరికొకరు ఏటా పంపించుకునే ఏర్పాటులో 2017 నుంచి ఉన్నాయి. అనుమతి లేని స్వయం ఉపాధికి జరిమానా ఒక ఎత్తయితే, నివాస అనుమతి పొడిగింపు రోజున అది బయటపడటం మరో ఎత్తు. ఆ పిల్లలకు దారి లేదని కాదు. చదువుతో పాటు చిన్న స్థాయిలో స్వయం ఉపాధికి విదేశీయుల కార్యాలయాన్ని ముందుగా అడిగితే ఇచ్చే వీలు చట్టంలో ఉంది, నివాస చట్టం 21వ సెక్షన్‌లో ఆరో ఉపసెక్షన్ దాని కోసమే. ఇక్కడ చదువు ముగించినవారు, చదివిన చదువుకు సంబంధించిన సొంత పని పెట్టుకోవడానికి కూడా అదే సెక్షన్‌లో విడిగా ఒక దారి ఉంది. అడిగి చేయడం, చేసి దొరికిపోవడం ఒకటి కాదు కదా.

ఇండియాలోనే ఉండి నేరుగా ‘ఫ్రీలాన్సు వీసా’ మీద వద్దామనుకునేవారికి కూడా రెండు మాటలు. ఇంటర్నెట్‌లో ఈ వీసా గురించి కనిపించే ఉత్సాహభరితమైన అనుభవాలు చాలామటుకు అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, బ్రిటన్ వంటి దేశాల పౌరులవి. ఆ దేశాలవారు వీసా లేకుండా వచ్చి, బెర్లిన్‌లోనో మరో ఊళ్లోనో దిగిన తరువాత దరఖాస్తు చేసుకోవచ్చు. భారతీయులకు ఆ సదుపాయం లేదు. వీసా ఇండియాలోనే తీసుకుని రావాలి. పర్యాటక వీసా మీద వచ్చి ఇక్కడ మార్పించుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మవద్దు. దరఖాస్తుకు మీ పని కావాలనుకునే ఖాతాదారులు ఇచ్చిన పత్రాలు, ఎంత సంపాదిస్తారన్న అంచనా, ఆరోగ్య బీమా అడుగుతారు. 45 ఏళ్లు దాటినవారైతే ముసలితనంలో బతకడానికి సరిపడా ఏర్పాటు ఉందని కూడా చూపించాలి. 2024 అక్టోబరులో అప్పటి జర్మన్ ఛాన్సలర్ ఓలాఫ్ షోల్జ్ ఢిల్లీ వచ్చినప్పుడు, నైపుణ్యం గల భారతీయులకు ఇచ్చే వీసాలను ఏడాదికి 20,000 నుంచి 90,000కు పెంచాలని జర్మనీ నిర్ణయించినట్టు ప్రకటన వచ్చింది. ఆ సంఖ్యను చూపించి ఫ్రీలాన్సు వీసాలు కూడా కుప్పలుగా ఇస్తున్నారని చెప్పి డబ్బు వసూలు చేసే కన్సల్టెన్సీలు ఉన్నాయి. ఆ ప్రకటన ఇక్కడి సంస్థల్లో ఉద్యోగానికి వచ్చే నిపుణుల గురించి, సొంత పనికి వచ్చేవారి గురించి కాదు.

ఇక అనుమతి ఉన్నవారు పన్ను శాఖ దగ్గరకు వెళ్లాక ఏం జరుగుతుందో చెబుతాను. అంతకు ముందు, ఊళ్లో చిరునామా నమోదు పూర్తయి ఉండాలి. మనవాళ్లు ‘సిటీ రిజిస్ట్రేషన్’ అనే ఆ పని, ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా ఇంటి యజమాని రాసిచ్చిన ధ్రువపత్రంతో చేయించుకోవాలి. దాని తరువాత తపాలాలో పదకొండు అంకెల పన్ను గుర్తింపు సంఖ్య వస్తుంది. అది మనిషికి జన్మంతా ఒకటే. ఫ్రీలాన్సరుకు ఇచ్చే పన్ను నంబరు దానికి వేరు, ఊరు మారితే అదీ మారుతుంది. ఈ రెండింటినీ ఒకటనుకుని, బిల్లు మీద మొదటిది వేసి పంపినవారిని నేను చూశాను. పని మొదలుపెట్టిన నెల రోజుల్లోగా పన్ను శాఖకు ఒక ప్రశ్నావళి పంపాలి. 2021 నుంచి దాన్ని ‘ఎల్స్టర్’ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారానే పంపాలి. ఎలక్ట్రానిక్ పన్ను ప్రకటన అనే జర్మన్ మాటలోని అక్షరాలు కూర్చి పెట్టిన పేరది. ఆ పేరుకే జర్మన్‌లో కాకి జాతికి చెందిన ఒక పక్షి అని కూడా అర్థం, మెరిసే వస్తువు కనిపిస్తే ఎత్తుకుపోతుందని ఇక్కడ దానికి పేరు. పన్ను శాఖకు ఇంతకన్నా నిజాయితీగల పేరు ఎక్కడా ఉండదని మా ఇంట్లో నవ్వుకుంటాం. ఖాతా తెరవడానికి కావలసిన రహస్య సంకేతం కూడా కాగితం మీద తపాలాలోనే వస్తుంది కనుక, ఒక్క రోజులో అయిపోతుందని మీ వ్యాసంలో ఉన్నది జరిగే పని కాదు. వారాలు పడుతుంది.

ఆ ప్రశ్నావళిలో రెండు చోట్ల ఆగి ఆలోచించాలి. మొదటిది, మీరు చేసేది ‘ఫ్రైబెరూఫ్లర్’ పనా, ‘గెవెర్బె’నా అన్నది. డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, పాత్రికేయులు, అనువాదకులు, చదువు చెప్పేవారు, కళాకారులు మొదటి కోవలోకి వస్తారని ఆదాయపు పన్ను చట్టం 18వ సెక్షన్ చెబుతుంది. మిగిలిన వ్యాపారమంతా రెండోది. రెండో కోవవారు పన్ను శాఖతో పాటు ఊళ్లోని వ్యాపార నమోదు కార్యాలయంలో కూడా చిన్న రుసుము కట్టి నమోదు కావాలి, వాణిజ్య మండలిలో సభ్యత్వం దానంతటదే వస్తుంది, ఏడాది లాభం 24,500 యూరోలు దాటితే విడిగా వ్యాపార పన్ను కూడా ఉంటుంది. సాఫ్ట్‌వేరు పని ఏ కోవలోకి వస్తుందన్నది చదివిన చదువును బట్టి, చేసే పనిని బట్టి పన్ను శాఖే తేలుస్తుంది, ఒక ఊళ్లో అవునన్నది మరో ఊళ్లో కాదనడమూ కద్దు. కాబట్టి పని వివరణ రాసేటప్పుడు ‘ఐటీ సేవలు’ అని రెండు ముక్కల్లో తేల్చేయకుండా, ఏం చేస్తారో విడమరచి రాయడం మంచిది. ఇంట్లో పచ్చళ్లు పెట్టి, ఇడ్లీ, దోసెలు చేసి అమ్మే మన అక్కచెల్లెళ్లది నిస్సందేహంగా రెండో కోవ. వారు ఆరోగ్య శాఖ కార్యాలయంలో ఆహార పరిశుభ్రత గురించి చెప్పే పాఠం విని ధ్రువపత్రం కూడా తెచ్చుకోవాలి. వాట్సాప్ గ్రూపులో ఆర్డర్లు తీసుకుంటే ఇవేవీ వర్తించవని ఒక అపోహ ఉంది. వాట్సాప్‌కు వేరే చట్టం ఏమీ లేదు.

రెండోది, అమ్మకపు పన్ను ప్రశ్న. బిల్లు మీద 19 శాతం వేయకుండా ఉండే చిన్న వ్యాపారుల మినహాయింపు ఒకటి ఉంది. 2025 జనవరి 1 నుంచి దాని పరిమితి మారింది. ఇప్పుడు గడిచిన ఏడాది రాబడి 25,000 యూరోలు దాటకూడదు, నడుస్తున్న ఏడాదిలో 1,00,000 దాటకూడదు, దాటిన క్షణం నుంచి మినహాయింపు పోతుంది. ఇంటర్నెట్‌లో ఇప్పటికీ కనిపించే 22,000 అనే అంకె పాతది. అదే ప్రశ్నావళిలో రాబోయే సంపాదన అంచనా కూడా అడుగుతారు; ఎక్కువ వస్తుందని ఆశగా రాస్తే మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు పదో తేదీలకు ఆదాయపు పన్ను ముందస్తుగా కట్టమని ఉత్తరం వస్తుంది. భయపడి తక్కువ రాస్తే రెండో ఏడాది చివర ఒక్కసారిగా పెద్ద మొత్తం మీద పడుతుంది. భార్యాభర్తలు కలిపి పన్ను లెక్క ఇచ్చేవారైతే ఈ మొత్తం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే భర్త జీతంలో తక్కువ పన్ను కోసుకునేలా పెట్టుకున్న పన్ను తరగతి, భార్య సంపాదనను లెక్కలోకి తీసుకున్నది కాదు.

ఇప్పుడు నా అనుభవం. మీ వ్యాసంలో ఒక్క అక్షరం కూడా లేని విషయం ఇదే, అన్నిటికన్నా బరువైనదీ ఇదే. నేను రాజమహేంద్రవరం నుంచి భర్తతో కలిసి ఇక్కడికి వచ్చాను. ఆయన ప్రభుత్వ విధానంలోని ఆరోగ్య బీమా సంస్థలో సభ్యులు, నేను ఆయన కార్డు కింద కుటుంబ బీమాలో ఉచితంగా ఉన్నాను. 2019లో యంత్రాల వాడకం గురించిన పుస్తకాలు ఇంగ్లీషులో రాసిపెట్టే పని సొంతంగా మొదలుపెట్టాను. నివాస కార్డు మీద ఉండాల్సిన పదం ఉంది, పన్ను నంబరు వచ్చింది, బిల్లులు పద్ధతిగా రాశాను, పన్ను సకాలంలో కట్టాను. ఇంకేం కావాలి అనుకున్నాను. ఏడాది గడవబోతుండగా బీమా సంస్థ ప్రతి ఏడాది కుటుంబ సభ్యుల గురించి పంపే ఫారం వచ్చింది. అందులో ఆదాయం ఉందా అన్న గడిలో ఉన్నది ఉన్నట్టు రాశాను. నెల తిరక్కుండా ఇంకో ఉత్తరం వచ్చింది. కుటుంబ బీమాలో ఉండటానికి ఉన్న ఆదాయ పరిమితిని పదకొండు నెలల క్రితమే దాటాననీ, ఆ రోజు నుంచి నేను విడి సభ్యురాలిననీ, వెనకటి ప్రీమియం మొత్తం కట్టాలనీ దాని సారాంశం. రెండు వేల రెండు వందల యూరోలకు పైగా అయింది. ఆ ఏడాది ఆ పని మీద మిగిలిందనుకున్న దానిలో పెద్ద వాటా అలా పోయింది. ఎవరినీ అనడానికి లేదు, నియమం వాళ్లది, తెలుసుకోకపోవడం నాది. కానీ నన్ను ప్రోత్సహించిన పదిమందిలో ఒక్కరికీ ఆ సంగతి తెలియకపోవడం నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది.

ఆ పరిమితి 2025లో నెలకు 535 యూరోలు ఉండేది. అది రాబడి మీద కాదు, ఖర్చులు పోగా మిగిలిన లాభం మీద. దాని లోపలే ఉన్నా, ఆ పనే మీ ప్రధాన వృత్తి అని బీమా సంస్థ నిర్ణయిస్తే, అంటే వారంలో ఎక్కువ గంటలు దానికే పెడుతున్నారని అనిపిస్తే, ఉచిత బీమా పోతుంది. పోయిన తరువాత ఎంత కట్టాలి? ఉద్యోగికైతే సగం యజమాని కడతాడు. ఫ్రీలాన్సరుకు యజమాని తానే కనుక రెండు సగాలూ తనవే. సంపాదన చాలా తక్కువైనా, కనీసం ఇంత సంపాదిస్తున్నట్టు భావించి లెక్క వేస్తారు, 2025లో అది నెలకు 1,248 యూరోలు. ఆరోగ్య బీమా, మంచాన పడితే చూసుకునేవారి ఖర్చుకు ఉండే సంరక్షణ బీమా రెండూ కలిపి కట్టాల్సింది నెలకు దాదాపు 250 యూరోలు అయ్యేది. నెలకు 600 మిగిలే మనిషికి అందులో 250 పోతే మిగిలేది ఎంతో లెక్క వేసుకోవచ్చు. అంటే ఆ పరిమితికి కాస్త లోపల ఉన్నవారి కన్నా, కాస్త పైకి వెళ్లినవారు నికరంగా పేదవారవుతారు. పని పెంచుకుంటే గట్టిగా పెంచుకోవాలి, లేదా ఆ గీత లోపలే ఆగాలి. మధ్యలో నిలబడటం అన్నిటికన్నా నష్టం. పైగా మొదట కట్టించుకునేది తాత్కాలిక లెక్క, ఆ ఏడాది పన్ను నిర్ధారణ కాగితం వచ్చాక అసలు సంపాదనను బట్టి సవరించి, తక్కువైతే మిగతాది అడుగుతారు. ఇది ఎవరూ చెప్పని రెండో పన్ను.

సంగీతం, కూచిపూడి, లెక్కలు, తెలుగు భాష నేర్పించే మన ఆడవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. వారికి దీనిమీద ఇంకొకటి ఉంది. ఫ్రీలాన్సరు అంటే పింఛను బీమా కట్టనక్కర్లేదన్న మాట అందరి విషయంలో నిజం కాదు. పనివాళ్లను పెట్టుకోకుండా సొంతంగా చదువు చెప్పేవారు, సంపాదన స్వల్ప స్థాయి దాటితే, ప్రభుత్వ పింఛను బీమాలో తప్పనిసరి సభ్యులు. మొదలుపెట్టిన మూడు నెలల్లోగా తామే వెళ్లి చెప్పాలి. పూర్తి చందా 18.6 శాతం, అదీ మొత్తం తమదే. కొత్తగా మొదలుపెట్టినవారికి మొదటి మూడేళ్లు సగం కట్టే సౌలభ్యం ఉంది, దాన్ని వాడుకోవాలి. ఇది పూర్తిగా నీటిపాలయ్యే డబ్బు కాదు. భారత్, జర్మనీల మధ్య 2017 మే నుంచి అమల్లో ఉన్న సామాజిక భద్రత ఒప్పందం వల్ల రెండు దేశాల్లోని బీమా కాలాన్ని కలిపి లెక్కించుకునే వీలుంది, తిరిగి వచ్చాక కూడా పింఛను అందుతుంది. వృత్తి కళాకారులకు, రచయితలకు 1983 నుంచి ఉన్న కళాకారుల సామాజిక నిధి బీమా చందాల్లో సగం వాటా భరిస్తుంది. కూచిపూడి ప్రదర్శనలు ఇచ్చేవారు, శాస్త్రీయ సంగీతం పాడేవారు దాన్ని ఒకసారి విచారించుకోవాలి. మన తెలుగు సంఘాల్లో దీని ఊసే వినిపించదు.

ఒకే ఒక్క కంపెనీకి, వాళ్ల లాప్‌టాప్ మీద, వాళ్ల వేళల ప్రకారం, వాళ్ల మేనేజరు చెప్పినట్టు పని చేస్తూ ‘నేను ఫ్రీలాన్సరును’ అనేవారికి వేరే చిక్కు. ఇటువంటిదాన్ని ఇక్కడ ముసుగు స్వయం ఉపాధి అంటారు. అది నిజానికి ఉద్యోగమేనని పింఛను సంస్థ తేలిస్తే వెనకటి బీమా చందాల భారమంతా కంపెనీ మీద పడుతుంది కనుక, ఆ భయంతో కంపెనీలే ఒప్పందాలు మధ్యలో తెంచేస్తుంటాయి. అనుమానం ఉంటే ముందే పింఛను సంస్థకు దరఖాస్తు చేసి, తమ పని ఏ కోవలోకి వస్తుందో రాతపూర్వకంగా తేల్చుకోవచ్చు.

ఇంత రాసింది ఎవరినీ బెదరగొట్టడానికి కాదు. నేను ఇప్పటికీ ఫ్రీలాన్సరునే, ఆ ఏడాది దెబ్బ తరువాత మానేయలేదు, పని పెంచుకున్నాను. ఇక్కడ దారి ఉంది, ముఖ్యంగా కుటుంబ వీసా మీద వచ్చి, ఇంజినీరింగు పట్టా బీరువాలో పెట్టి, ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉండిపోయిన మన ఆడపిల్లలకు అది విశాలమైన దారి. పిల్లలు చిన్నవాళ్లు, జర్మన్ భాష రాదు, పూర్తి సమయం ఉద్యోగం కుదరదు అన్నవారికి ఫ్రీలాన్సు కన్నా మంచి మొదలు లేదు. అయితే వరుస ముఖ్యం. ముందు నివాస కార్డు మీది పదం, తరువాత బీమా సంస్థకు ఒక ఫోను, ఆ తరువాతే పన్ను శాఖ. మీ వ్యాసం మొదటి రెండూ వదిలేసి నేరుగా మూడోదానితో మొదలుపెట్టింది.

మా ప్రాంతంలోని తెలుగు సంఘం సమావేశంలో ఈ మధ్య ఈ విషయం చర్చకు వచ్చినప్పుడు, దాదాపు ముప్ఫై మంది ఆడవాళ్లు ఉన్న ఆ గదిలో తమ పచ్చ కాగితం తీసి చదివినవారు నలుగురే. తెలంగాణ ప్రభుత్వ విదేశీ ఉపాధి సంస్థ టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ ఓమ్‌క్యాప్, ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్నార్టీ సొసైటీ వంటివి ఉద్యోగానికి వెళ్లేవారికి సమాచారం ఇస్తున్నప్పుడు, వారితో కుటుంబ వీసా మీద వెళ్లే భార్యలకు, భర్తలకు కూడా ఈ నాలుగు ముక్కలు తెలుగులో ఒక చిన్న కరపత్రంగా వేసి ఇస్తే పెద్ద ఖర్చేమీ కాదు.

మీరు రాబోయే సంచికలో, పన్ను నంబరు పని చేసుకునే అనుమతి కాదనీ, కుటుంబ బీమాలో ఉన్నవారు మొదటి బిల్లు రాయకముందే బీమా సంస్థను అడగాలనీ సవరణ వేయమని కోరుతున్నాను. వ్యాసం చదివి ఇప్పటికే ఫారం నింపేసిన పాఠకులు ఉండే ఉంటారు. వారు ఇప్పుడైనా బీమా సంస్థకు ఉత్తరం రాస్తే, పదకొండు నెలల ప్రీమియానికి బదులు ఒకటో రెండో నెలలదే కట్టాల్సి వస్తుంది.

భవదీయురాలు,
మీ పాఠకురాలు,
లైప్‌జిగ్, జర్మనీ